హజ్‌కు వెళ్ళినవాళ్ళ దమ్ జంతువును ఆదోనిలో కోయవచ్చా?

ఆదోని నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అమ్మానాన్న ఈసారి హజ్ కమిటీ ద్వారా హజ్‌కు వెళ్తున్నారు. అక్కడ కోసే బలి జంతువులకు (వీటినే దమ్ అంటారు) ఇద్దరికీ కలిపి పెద్ద మొత్తమే అవుతోంది, ఆ మాంసం ఎవరికి పోతుందో కూడా తెలియదు. అదే డబ్బుతో ఆదోనిలో రెండు మంచి పొట్టేళ్ళు కొని కోసి, వీధిలో బీదవాళ్ళకు పంచితే సరిపోదా? ఏటా బక్రీద్‌కు ఇంట్లో కోసే ఖుర్బానీ కూడా విడిగా ఉంటుందా, లేక హజ్‌లో కోసేదే దానికీ చెల్లుతుందా?

సూటిగా చెప్తాను, సరిపోదు. హజ్ జంతువు హరమ్, అంటే మక్కా చుట్టూ ఉన్న పవిత్ర ప్రాంతం హద్దుల్లోనే తెగాలి. ఆదోనిలో కోస్తే అది పుణ్యమైన దానమే గానీ హజ్ బాకీ తీరదు. అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి, అక్కడ రెండు కోయించాల్సిందే. బక్రీద్ ఖుర్బానీది పూర్తిగా వేరే లెక్క. అది వాళ్ళ మీద ఉందో లేదో చూడాలి, ఉంటే దాన్ని మాత్రం మీరు ఆదోనిలోనే కోయవచ్చు.

ముందే ఒక మాట. నేను ముఫ్తీని, అంటే ధర్మతీర్పు చెప్పే పండితుణ్ణి కాను. కడపలో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. 2011లో నా సొంత హజ్ అయింది. ఆ తర్వాత ఒకసారి ఖాదిముల్ హుజ్జాజ్‌గా (హాజీలకు సాయంగా వెళ్ళే ఉద్యోగిగా) సుమారు రెండు వందల మంది హాజీల వెంట వెళ్ళాను. ఇప్పుడు హజ్ ట్రైనింగ్ క్యాంపుల్లో మౌలానా సాబ్ చెప్పాక, మిగిలిపోయిన సందేహాలు నా దగ్గరికి వస్తుంటాయి. మన రాయలసీమలో ఎక్కువమంది హనఫీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర పద్ధతి) వాళ్ళే కాబట్టి ఆ లెక్కలోనే రాస్తున్నాను. అహ్లె హదీస్ వాళ్ళకు, షాఫయీలకు కొన్ని చోట్ల తేడాలుంటాయి, ముఖ్యమైనవి అక్కడక్కడా చెప్తాను.

ఈ గందరగోళం అంతా మాటతోనే మొదలవుతుంది. మన దగ్గర దేన్ని కోసినా ఖుర్బానీ అనే అంటాం. హజ్‌లో కోసేదానికి అసలు పేరు హదీ, మన ఉలమాలు (ధర్మ పండితులు) దమ్-ఎ-షుక్ర్ అంటారు. ఒకే ప్రయాణంలో ఉమ్రా (చిన్న హజ్), హజ్ రెండూ చేసుకునే అవకాశం దొరికినందుకు చెల్లించే కృతజ్ఞత అది. ఖుర్‌ఆన్ రెండో సూరా 196వ ఆయత్‌లో ఈ ఆదేశం ఉంది. బక్రీద్‌కు కోసేది ఉజ్‌హియా. అది ఇబ్రాహీం అలైహిస్సలాం సున్నత్ (ఆచారం), హజ్‌తో సంబంధం లేకుండా స్తోమత ఉన్న ముస్లిం మీద ఉండేది. రెండింటి తేదీలు ఒకటే కావడంతో ఒకటే అనుకుంటారు.

హజ్‌లో మూడు రకాలున్నాయి. ఇఫ్రాద్ అంటే ఒక్క హజ్ కోసమే ఇహ్రాం (యాత్ర దీక్ష) కట్టుకోవడం, దీంట్లో దమ్ తప్పనిసరి కాదు. ఖిరాన్ అంటే ఒకే ఇహ్రాంలో ఉమ్రా, హజ్ రెండూ. తమత్తు అంటే ముందు ఉమ్రా చేసి, ఇహ్రాం విప్పి, మళ్ళీ హజ్‌కు కొత్తగా ఇహ్రాం కట్టుకోవడం. ఖిరాన్, తమత్తు రెండింటికీ దమ్ వాజిబ్, అంటే తప్పనిసరి. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది చేసేది తమత్తే. మీ అమ్మానాన్న కూడా బహుశా అదే చేస్తారు, ఒక్కసారి అడిగి చూడండి.

నేను ఖాదింగా వెళ్ళిన ఏడాది ఒక పెద్దాయన (ప్రొద్దుటూరు దగ్గరి పల్లె, పేరెందుకు) అందరూ దమ్ కోయించే కూపన్ తీసుకుంటుంటే తీసుకోలేదు. మీది సంగతేంటి చాచా అంటే, "నా కొడుకు ఊళ్ళో కోస్తాడు, మాట్లాడేశాను" అన్నాడు. నేనేమో బక్రీద్ ఖుర్బానీ గురించి చెప్తున్నాడనుకుని వదిలేశాను. తప్పు నాదే, ఇంకో ప్రశ్న వేసి ఉండాల్సింది. జుల్‌హిజ్జా (హజ్ నెల) పదకొండో తేదీ, మక్కా పక్కన మినా గుడారంలో మాటల మధ్య అసలు సంగతి బయటపడింది. అప్పటికే గుండు చేయించుకున్నాడు, ఇహ్రాం విప్పేశాడు. పరుగెత్తి పన్నెండో తేదీ సూర్యాస్తమయం లోపల ఎలాగోలా కోయించాం. కోత కంటే ముందు గుండు చేయించుకున్నందుకు ఇంకో దమ్ కూడా ఇవ్వాలని మౌలానా చెప్పారు. ఒక జంతువు ఖర్చు మిగిలిందనుకున్న మనిషికి రెండు పడ్డాయి. అప్పటి నుంచి క్యాంపుల్లో మొదటి ప్రశ్న ఇదే అడుగుతున్నాను, మీ దమ్ ఎక్కడ, ఎవరు కోస్తున్నారు అని.

తలకొకటి. ఇంట్లో బక్రీద్‌కు ఒక్క పొట్టేలు కోసి అందరి పేరూ చెప్పుకునే అలవాటు చాలా కుటుంబాల్లో ఉంది. హజ్‌లో అది కుదరదు. గొర్రె, మేక అయితే ఒక్కరికి ఒకటి. ఆవు, ఒంటె అయితే ఏడుగురు పంచుకోవచ్చు. భార్యాభర్తలైనా, తల్లీకొడుకులైనా ఎవరి దమ్ వాళ్ళదే. డబ్బు ఎవరు కట్టినా ఫర్వాలేదు, మీరు కడితే సంతోషమే. కాకపోతే అమ్మ పేరుతో ఒకటి, నాన్న పేరుతో ఒకటి అని ఉండాలి.

ఇక బక్రీద్ ఖుర్బానీ సంగతి. హనఫీలో అది వాజిబ్ కావాలంటే రెండు షరతులు. నిసాబ్ ఉండాలి, అంటే అవసరాలకు పోను సుమారు 612 గ్రాముల వెండి విలువైనా చేతిలో ఉండాలి. అమ్మ నగలు కూడా లెక్కలోకి వస్తాయి, ఈ విషయం చాలామంది మర్చిపోతారు. రెండోది, ముసాఫిర్ కాకూడదు, అంటే ప్రయాణంలో ఉన్నవాడై ఉండకూడదు. మక్కాలో పదిహేను రోజులు, అంతకంటే ఎక్కువ ఉండేలా నియ్యత్ (సంకల్పం) ఉంటే ముఖీం (అక్కడ నిలిచి ఉండేవాడు) అవుతారు, అప్పుడు ఖుర్బానీ వాజిబ్ అవుతుంది. హజ్‌కు పదిహేను రోజుల లోపే మక్కా చేరితే ముసాఫిర్‌గానే ఉంటారు, వాజిబ్ కాదు. మినా, అరఫాత్‌లో గడిపే రోజుల్ని మక్కా రోజుల్లో కలపాలా వద్దా అన్న దాని మీద ఇప్పటి ఉలమాల్లో రెండు మాటలున్నాయి. అందుకే మీరు చేయాల్సింది చాలా సులువు. వాళ్ళ విమానం తేదీ, మదీనా ముందా మక్కా ముందా, ఎనిమిదో జుల్‌హిజ్జాకు ముందు మక్కాలో వరుసగా ఎన్ని రోజులు ఉంటారు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని మీ మసీదు ఇమాం సాబ్‌కు చూపించండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వాజిబ్ కాకపోయినా కోస్తే పుణ్యమే.

ఆదోనిలో వాళ్ళ తరఫున కోసేటప్పుడు రెండు విషయాలు. ఒకటి, వాళ్ళు మీకు చెప్పి ఉండాలి, అంటే మీరు వకీలుగా కోస్తున్నట్టు. ఫోన్‌లో చెప్పినా చాలు. రెండోది తేదీల సంగతి, ఇది ఎవరూ చెప్పరు. మామూలుగా సౌదీలో బక్రీద్ అయిన మరుసటి రోజు మనకు వస్తుంది. హనఫీలో ఖుర్బానీకి పది, పదకొండు, పన్నెండు, ఈ మూడు రోజులే. వాళ్ళకు పన్నెండు అయ్యే రోజు మనకు పదకొండు. మనకు పన్నెండు వచ్చేసరికి వాళ్ళకు పదమూడు. మనిషి ఉన్న చోటు, జంతువు కోసే చోటు, రెండింట్లోనూ ఖుర్బానీ రోజులే అయి ఉంటే ఏ పేచీ ఉండదు. కాబట్టి మూడో రోజు దాకా ఆగకుండా, మన పండగ మొదటి రోజు నమాజ్ అయ్యాక కోసేయండి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తున్నాను. పదో తేదీ.

ఆ రోజు హాజీ తెల్లవారుజామున ముజ్దలిఫాలో ఫజ్ర్ చదివి మినాకు వస్తాడు. పెద్ద షైతాన్ (షైతాన్ గుర్తుగా ఉన్న స్తంభం)కు ఏడు రాళ్ళు కొడతాడు. తర్వాత జంతువు కోత. తర్వాత మగవాళ్ళకు గుండు గానీ వెంట్రుకలు కత్తిరించడం గానీ, ఆడవాళ్ళకు జడ చివర వేలి కణుపంత కత్తిరింపు. అప్పుడు ఇహ్రాం విప్పుతారు. తమత్తు, ఖిరాన్ చేసేవాళ్ళకు ఇమాం అబూ హనీఫా మాట ప్రకారం రాళ్ళు, కోత, గుండు, ఈ వరుస వాజిబ్. వరుస తప్పితే ఇంకో దమ్ పడుతుంది. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ ఇద్దరూ, మిగతా మజ్‌హబ్‌లూ ఈ వరుసను సున్నత్ (పాటిస్తే మంచిది, తప్పితే దమ్ పడదు) అన్నారు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆఖరి హజ్‌లో ఒకాయన వచ్చి, తెలియక కోతకు ముందే గుండు చేయించుకున్నానంటే, ఇప్పుడు కోయి, తప్పు లేదు అన్నారని హదీసు ఉంది. ఇప్పటి రద్దీ చూసి కొందరు హనఫీ ఉలమాలు కూడా శిష్యుల మాట మీద సడలింపు ఇస్తున్నారు. మీ ఇమాం ఏది చెబితే అది పాటించండి. వెళ్ళేముందే అడగండి, మినాలో నిలబడి పదిమందిని పది రకాలుగా అడగొద్దు. అక్కడ టెన్షన్‌లో ఎవరి మాట వినాలో తెలియక మనిషి ఏడ్చేస్తాడు, చూశాను.

2011లో నాకే ఇది తగిలింది. మక్కాలోని అజీజియాలో మా బిల్డింగ్‌కు ఒకాయన వచ్చేవాడు, మన భాష మాట్లాడేవాడే, చాలా ఏళ్ళుగా అక్కడ పని చేస్తున్నాడు. కూపన్ రేటు కంటే తక్కువకే గొర్రె కోయిస్తానన్నాడు. పద్నాలుగు మందిమి డబ్బులిచ్చాం. పదో తేదీ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, "అయిపోయింది, గుండ్లు చేయించుకోండి" అని. చేయించుకున్నాం. స్నానాలు చేశాం, మామూలు బట్టలు వేసుకున్నాం, ఒకరి గుండు చూసి ఒకరం నవ్వుకున్నాం. పదకొండు సాయంత్రం మాలో ఒక టీచర్ గారు, ఎక్కడ కోశావు, ఎన్ని గంటలకు కోశావు అని నిలదీస్తే మాట తడబడింది. గొర్రెలు రాత్రే దొరికాయట, పొద్దున కోశాడట. అది కూడా నిజమో కాదో దేవుడికే తెలియాలి. నా భార్య ఆ రాత్రంతా పడుకోలేదు. ఆ కోతను నమ్మలేక మేమిద్దరం పన్నెండో తేదీ పగలు దగ్గరుండి మళ్ళీ దమ్ కోయించుకున్నాం, వరుస తప్పినందుకు ఇంకో దమ్ కూడా. అంటే ఇద్దరికీ కలిపి కొత్తగా నాలుగు. చవక బేరం అలా ముగిసింది.

అందుకే నా సలహా, అడాహి కూపన్. ఒకప్పుడు మినాలో లక్షల జంతువులు కోసేవాళ్ళు, మాంసం తీసుకునే దిక్కు లేక పూడ్చేవాళ్ళు. ఆ వృథా ఆపడానికి 1983లో సౌదీ ప్రభుత్వం అడాహి ప్రాజెక్టు మొదలుపెట్టింది, నిర్వహణను ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంక్‌కు అప్పగించింది. పశువైద్యులు చూసిన జంతువుల్ని పెద్ద కబేళాల్లో కోస్తారు. మాంసం మొదట హరమ్ బీదలకు, మిగిలింది గడ్డకట్టించి అనేక పేద దేశాలకు పంపిస్తారు. కాబట్టి ఎవరికి పోతుందో తెలియదన్న మీ బెంగ అక్కర్లేదు, తినేది బీదవాళ్ళే. హజ్ కమిటీ డబ్బులు కట్టించుకునేటప్పుడు అడాహి గురించి కూడా చెబుతుంది. రేటు, పద్ధతి ఏటా మారుతుంటాయి, ఈ ఏటి సర్క్యులర్ చూసుకుని కట్టండి. రోడ్డు మీదా వాట్సాప్‌లోనూ చవక కూపన్లంటూ వచ్చేవాటి జోలికి పోవద్దు, వాటి గురించి సౌదీ అధికారులే ఏటా హెచ్చరిస్తుంటారు.

కూపన్‌తో వచ్చే ఇబ్బంది ఒక్కటే, కోత ఎప్పుడు అయిందో కళ్ళతో చూడం. మా గ్రూపుకు అప్పట్లో ఏ రోజు ఏ పూట అన్నది ముందుగా చెప్పారు. నేను దానికి మూడు గంటలు కలిపి హాజీలకు చెప్పేవాణ్ణి. సాయంత్రం నాలుగు అంటే ఏడు దాటాకే మంగలి దగ్గరికి. ఒక్కోసారి పదకొండో తేదీ పొద్దున అని వస్తుంది. అప్పుడు పదో తేదీ రాత్రంతా ఇహ్రాంలోనే ఉండాలి. చెమట, దురద, చికాకు ఉంటాయి, ఓర్చుకోమనండి. పక్క గుడారంవాళ్ళు గుండు చేయించుకుని కొత్త బట్టలతో తిరుగుతుంటారు. వాళ్ళు ఇఫ్రాద్ వాళ్ళో, వేరే మజ్‌హబ్ వాళ్ళో, ముందుగా సమయం వచ్చినవాళ్ళో. వాళ్ళను చూసి తొందరపడొద్దని నాన్నకు ఇప్పుడే చెప్పి పెట్టండి. తవాఫె జియారత్‌కు (హజ్‌లో కాబా చుట్టూ చేసే ప్రదక్షిణకు) మాత్రం ఈ వరుసతో ముడి లేదు, కోతకు ముందు చేసినా దమ్ పడదు.

అమ్మ గురించి ఒకటి. ఆ రోజుల్లో నెలసరి వచ్చినా దమ్ కోతకు, రాళ్ళకు, వెంట్రుకలు కత్తిరించుకోవడానికి అడ్డు లేదు, తవాఫ్ మాత్రమే ఆగాలి. మీ అమ్మకు ఆ వయసు దాటి ఉండొచ్చు, ఇది చదివే వేరేవాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రతి ఏడూ ఒకరిద్దరు ఈ భయంతో హోటల్ గదిలోంచి బయటికి రారు.

నిజంగా డబ్బు లేనివాళ్ళకు ఉపవాసాలున్నాయి. హజ్ రోజుల్లో మూడు, ఇంటికి వచ్చాక ఏడు, మొత్తం పది. మూడింటినీ ఇహ్రాం తర్వాత, పదో తేదీ రాకముందే పూర్తి చేయాలి, ఏడు, ఎనిమిది, తొమ్మిది తేదీలైతే మంచిది. ఆ మూడూ తప్పిపోతే హనఫీలో ఇక దమ్ ఒక్కటే దారి. వేరే మజ్‌హబ్‌లలో కొందరు పదకొండు నుంచి పదమూడు వరకు కూడా ఉపవాసం ఉండనిస్తారు. ఇది డబ్బు పోగొట్టుకున్నవాళ్ళకు, లేనివాళ్ళకు. చేతిలో షాపింగ్ డబ్బులు పెట్టుకుని దమ్‌కు లేవనడం కుదరదు. మీ నాన్నకు షుగర్ ఉంటే ఆ దారి ఆలోచన కూడా పెట్టుకోవద్దు, కూపన్ తీసుకోండి.

ఇక రెండో రకం దమ్, జినాయత్ దమ్. అంటే హజ్‌లో ఏదైనా వాజిబ్ తప్పితే, ఇహ్రాం నియమం పెద్దగా తప్పితే పడే జరిమానా. మీఖాత్ (ఇహ్రాం కట్టుకోవాల్సిన హద్దు) దాటాక ఇహ్రాం కట్టడం, సూర్యుడు గుంకకముందే అరఫాత్ వదిలి వెళ్ళడం, మగవాడు పన్నెండు గంటలు కుట్టిన బట్టలు వేసుకోవడం, ఇలాంటివి. నేరుగా జిద్దాకు వెళ్ళేవాళ్ళు విమానం దిగాక కట్టుకుందాంలే అనుకుంటారు. దిగకముందే మీఖాత్ దాటిపోతుంది. విమానంలో ఇచ్చే సువాసన టిష్యూతో ముఖం తుడుచుకుని "దమ్ పడిందా సార్" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఒక అవయవం మొత్తానికి సెంటు అంటితే దమ్, కొద్దిగా అయితే రంజాన్ ఫిత్రా అంత సదఖా (దానం). ప్రతి చిన్నదానికీ దమ్ దమ్ అని భయపెట్టేవాళ్ళ మాట వినొద్దు, మౌలానాను అడగండి, సగం సార్లు ఏమీ ఉండదు. ఈ దమ్‌కు పది, పదకొండు, పన్నెండు అన్న తేదీల పట్టింపు లేదు, కానీ చోటు మాత్రం అదే, హరమ్ హద్దు. ఆదోనికి వచ్చాక గుర్తొచ్చినా అక్కడున్నవాళ్ళకు డబ్బు పంపి కోయించాలి. దీని మాంసం హాజీ తినకూడదు, బీదలకే.

దమ్-ఎ-షుక్ర్ మాంసం మాత్రం తినవచ్చు. ప్రవక్త ఆఖరి హజ్‌లో నూరు ఒంటెలు తెచ్చారు. అరవై మూడింటిని తన చేత్తో కోసి, మిగతావి హజ్రత్ అలీకి అప్పగించారు. ఒక్కోదాంట్లోంచి ఒక్కో ముక్క తీసి కుండలో వండించి, ఇద్దరూ ఆ మాంసం తిని పులుసు తాగారు. కసాయికి కూలి కింద అందులోంచి ఏదీ ఇవ్వొద్దని, కూలి విడిగా ఇవ్వాలని కూడా హజ్రత్ అలీకి చెప్పారు. ఇంట్లో బక్రీద్‌కు కసాయికి తోలు, తలకాయ ఇచ్చి కూలి తగ్గించుకునే మనవాళ్ళు దీన్ని గమనించాలి.

వెంట్రుకలు, గోళ్ళ సందేహం కూడా తప్పకుండా వస్తుంది. ఇంట్లో ఖుర్బానీ ఉన్నవాళ్ళు జుల్‌హిజ్జా నెలవంక నుంచి కోత దాకా గోళ్ళు, వెంట్రుకలు తీయకపోవడం మంచిదంటారు. మరి ఆ పది రోజుల్లో మక్కా చేరి ఉమ్రా పూర్తి చేసినవాడు వెంట్రుకలు తీయించుకోవాలి కదా? తీయించుకోవాలి. అది ఉమ్రాలో భాగం, దానికీ దీనికీ గొడవ లేదు.

చివరగా మీ వీధి సంగతి. ఆ రెండు పొట్టేళ్ళ కోరిక మంచిదే, బక్రీద్ ఖుర్బానీగా కోయండి. సంతలో బేరం ఆడేటప్పుడు పొట్టేలు నోరు తెరిచి చూడండి, రెండు పళ్ళు వేసి ఉంటే ఏడాది దాటినట్టే. మేకకు ఏడాది నిండాల్సిందే. గొర్రెకు ఆరు నెలలు దాటి, చూపుకు ఏడాది దానిలా బలంగా ఉంటే హనఫీలో చెల్లుతుంది. ఒంటి కన్నుది, కుంటిది, ఎముకలు తేలినది, చెవి మూడో వంతు కంటే ఎక్కువ తెగినది వద్దు. కోసేటప్పుడు ఒకదాని మీద అమ్మ పేరు, ఒకదాని మీద నాన్న పేరు అనుకోండి. మీ మీద కూడా నిసాబ్ ఉంటే మీకు మూడోది కావాలి, అది మర్చిపోయి రెండే కొనేరు.